నెవిల్ గుండె మీద మా వీసా

ఆస్ట్రేలియాలో ఈ మారుమూల ఊరికి నన్ను మనీలా నుంచి వెల్డర్‌గా రప్పించింది నెవిల్. గోధుమ కోత యంత్రాలు బాగుచేసే షెడ్డు అతనిది. అది మూతబడితే మా వీసా కూడా పోతుంది. అతనికేమో డెబ్బై దాటాయి, పైగా గుండెజబ్బు.

అందుకే అతను బరువేదైనా ఎత్తబోతే పరుగెత్తి నేనే ఎత్తేవాణ్ణి. మా ఆవిడ మారివిక్ ఉప్పు తగ్గించి చేపల పులుసు పంపేది. ఆదివారం చర్చిలో తన కన్నతల్లి కంటే ముందు అతని గుండె కోసమే ప్రార్థించేది.

"నా కొడుకులు కూడా నన్నింత చూసుకోలేదోయ్," అనేవాడు నెవిల్ తడికళ్లతో. "ఇంకా ఆ సార్ ఏంటయ్యా బాబూ, పేరు పెట్టి పిలువు!"

"అలాగే సార్," అనేవాణ్ణి. అన్నం పెట్టేవాణ్ణి పేరు పెట్టి పిలవడానికి మావాళ్లకు నోరు రాదు.

ఇన్నేళ్లకు మాకు ఇక్కడ శాశ్వత నివాస హక్కు మంజూరైంది. మర్నాడు పొద్దున నెవిల్ ట్రాక్టర్ బ్యాటరీ ఎత్తబోయాడు. నేను స్టూలు మీద నుంచి లేవలేదు. అతను వంగినవాడు వంగినట్టే నావైపు చూశాడు.

"ఏమోయ్, ఒంట్లో బాగాలేదా?"

"అలసిపోయాను, నెవిల్."

"అబ్బ! ఎన్నాళ్లకు పేరు పెట్టి పిలిచావోయ్!"

మురిసిపోతూ బ్యాటరీ తనే ఎత్తుకుని నడిచాడు.