గరిటమ్మ ఎడమచెయ్యి

మార్నా గీసిన బొమ్మలో ఒక్క గీత మార్చమని అడిగే ధైర్యం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవరికీ లేదు. అచ్చువేసేవాడు ఒకసారి అడిగాడు, తిట్లు తిన్నాడు. మా కామిక్కు పుస్తకాలు పట్టుకుపోయిన పోలీసు అడిగాడు, తర్వాతి సంచికలో పంది బొమ్మయ్యాడు. అంతకుముందు ఆవిడకి గ్రీటింగు కార్డుల కంపెనీలో దేవదూతల బొమ్మలు వేసే ఉద్యోగం ఉండేది. దేవదూత నోట్లోంచి సిగరెట్టు తీసెయ్యమన్నారు. మార్నా సిగరెట్టు ఉంచి, ఉద్యోగం వదిలేసి, ఈ ఊరొచ్చింది. తప్పులు దిద్దే తెల్లరంగు సీసా అందరి బల్లల మీదా ఉన్నట్టే ఆవిడ బల్ల మీదా ఉండేది గాని, దాని మూత ఎండి అతుక్కుపోయింది.

నా పేరు విల్లా. మార్నా ఉండే ఇంట్లోనే రెండో గదిలో ఉండేదాన్ని. మార్నా బొమ్మల్లో మనుషుల నోటి దగ్గరుండే బుడగల్లో మాటలు రాయడం నా పని. ఆవిడ చేతిరాత ఆవిడకే అర్థం కాదు.

మొదట్లో మగవాళ్ళు తెచ్చే కామిక్కుల్లో చోటడిగితే, ‘ఆడపిల్లవి, రంగులేసి పెట్టు చాలు’ అన్నారు. ఆ పుస్తకాలకు రంగులే ఉండవు, అన్నీ నలుపూ తెలుపే. దాంతో ఆడవాళ్ళమంతా కూడి సొంతంగా వేసుకున్నాం. పుస్తకాల షాపులవాళ్ళు మా మొహం చూసేవారు కాదు. గంజాయి పీల్చే పొగ గొట్టాలూ అగరొత్తులూ అమ్మే కొట్లలో పెట్టేవాళ్ళం. అక్కడ మార్నాకి పేరు తెచ్చింది గరిటమ్మ అనే బొమ్మ.

పూల ఏప్రన్, తల నిండా జుట్టు ఉంగరాలు తిప్పే కర్లర్లు, మోచేతికి పెద్ద హ్యాండ్‌బ్యాగు, పైకెత్తిన గరిటె. కూతురు ఎక్కడ దాక్కున్నా గరిటమ్మ గోడ పగలగొట్టుకుని వచ్చేసేది. యుద్ధం వద్దని ఊరేగింపు చేస్తుంటే మధ్యలోకి వచ్చి, ‘స్వెట్టర్ ఏదే?’ అనేది. కుర్రాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఎవరమ్మా ఈవిడ అని అడిగితే మార్నా దాచేది కూడా కాదు. “మా అమ్మే. అచ్చంగా మా అమ్మే. నేను ఉన్నదున్నట్టు గీస్తాను,” అనేది. ఆ ధీమాకి కారణం, వాళ్ళమ్మ ఎక్కడో దూరాన విస్కాన్సిన్‌లో ఆవుల మధ్య ఉండటం. ఆ పల్లెలో పొగ గొట్టాల కొట్టు లేదు.

అలాంటిది ఆ అమ్మ ఫోన్ చేసి, చర్చి ఆడవాళ్ళ సభలకి వస్తున్నాననీ, దిగడం మీ ఇంట్లోనేననీ చెప్పింది.

మార్నా గోడల మీది గరిటమ్మలన్నిటినీ పీకేసింది. సంచికలన్నీ నా మంచం కిందకి చేరాయి. నాకు నవ్వొచ్చింది.

“పోలీసులకి భయపడనిదానివి, పిండి పిసికే ఆవిడకి భయపడతావేంటే?”

“నాన్న పోయాడు. అన్న మాట్లాడటం మానేశాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది అమ్మొక్కతే. ఇవి చూసిందంటే అదీ ఆగిపోతుంది విల్లా,” అంది.

ఆ ఫోన్ మోగినప్పుడల్లా విసుక్కునేది ఈవిడే. ఆ మాట అనబోయి, ముఖం చూసి, సంచికల్ని మంచం కింద ఇంకాస్త లోపలికి తోశాను.

మార్నా వాళ్ళమ్మ, ఇర్మా ఆంటీ, బస్సు దిగింది. అదే హ్యాండ్‌బ్యాగు. ఇంటికొచ్చి పెట్టె తెరవగానే అదే పూల ఏప్రన్. ముఖం మాత్రం నాకెందుకో కొత్తగా అనిపించింది. ప్రయాణపు అలసట అనుకున్నాను.

మర్నాడు పొద్దున మేం లేచేసరికి ఆవిడ ఉల్లిపాయల కోసం బయటికెళ్ళింది, కర్లర్ల మీద రుమాలు కట్టుకుని, ఏప్రన్ విప్పకుండా. తిరిగొచ్చేటప్పుడు ఒక చేతిలో ఉల్లిపాయలు, ఇంకో చేతిలో కాగితం సంచి.

“ఆ మూల కొట్లో గడ్డం అబ్బాయి బుద్ధిమంతుడు,” అంది కూర్చుంటూ. “నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు. గరిటేదండీ అన్నాడు. ఇంట్లో ఉంది బాబూ అన్నాను. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను.”

మార్నా కప్పులో కాఫీ ఒలికింది. “దేని మీద పెట్టావు?”

“నా మీదే.”

సంచిలోంచి గరిటమ్మ సంచికలు తీసి బల్ల మీద పేర్చింది. కళ్ళజోడు పెట్టుకుని, వేలు తడి చేసుకుంటూ, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. మేమిద్దరం పొయ్యి పక్కన నిలబడిపోయాం. మధ్యలో ఒకసారి ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

“అమ్మా, అది నువ్వొక్కదానివే కాదు,” అని మార్నా అందుకుంది. “సమాజంలో తల్లి అనే పాత్రని...”

“కాసేపు నోరు ముయ్యవే. ఇంకా రెండు పేజీలున్నాయి.”

అవీ చదివి, కళ్ళజోడు తీసింది.

“నాది ఎడంచేతి వాటమా?”

“కాదు.”

“మరి ఈ మహాతల్లి గరిటె ఎప్పుడూ ఎడం చేత్తోనే పట్టుకుందేం?”

వంగి చూశాం. నిజమే. అన్ని సంచికల్లోనూ ఎడంచెయ్యే. ఆ చేతి పక్కనే ఇన్నాళ్ళూ బుడగలు రాసిన నాకు కనబడలేదు.

ఇర్మా ఆంటీ లేచి మార్నా గీసే బల్ల దగ్గరికెళ్ళింది. మా పనిలో అందరి బల్లల మీదా ఒక అద్దం ఉంటుంది. కోపం గీయాలంటే కోపంగా ముఖం పెట్టి, అద్దంలో చూసుకుని గీస్తాం. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకునే స్తోమత ఎవరికుంది? మార్నా అద్దం పక్కన మేకుకి గరిటె కూడా వేలాడుతుండేది. కుడిచేత్తో అది ఎత్తి, అద్దంలోకి ఉరిమి చూసి, దించి, కలం పట్టేది. అద్దంలో కుడి ఎడమవుతుందని చంటిపిల్లలకూ తెలుసు.

ఆంటీ గరిటె తీసి కూతురి చేతికిచ్చింది. “ఏదీ, ఆ ముఖం పెట్టు.”

“అమ్మా...”

“పెట్టవే.”

మార్నా పెట్టింది. ఒక కనుబొమ్మ పైకి లేచింది, మూతి పక్కకి తిరిగింది. ఆంటీ సంచిక తెరిచి అద్దం పక్కన పట్టుకుంది. రెండూ ఒకటే ముఖం. కర్లర్లే తేడా.

“చిన్నప్పుడు టర్నిప్ దుంపలు పెడితే నువ్వు పెట్టే ముఖం ఇది,” అంది ఆంటీ. “నాకు కనుబొమ్మ అలా లేవదు. మీ నాన్నకి లేచేది.”

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఊరంతా మార్నా తల్లి అనుకుని నవ్వింది మార్నాని చూసేనన్నమాట. ఆవిడ నావైపు ఉరిమి చూసింది, సరిగ్గా అదే కనుబొమ్మతో. ఇక నా వల్ల కాలేదు.

ఆంటీ మాత్రం నవ్వలేదు.

“కోపమొచ్చిందా అమ్మా?”

“వస్తుందనే అనుకున్నానే. కొట్టు దగ్గర్నుంచి నడుస్తూ, పోనీలే, వెక్కిరించడానికైనా నన్ను అంతసేపు తేరిపార చూసిందిగా అనుకున్నాను. తీరా చూస్తే ఇందులో నా ఏప్రన్ ఉంది, నా బ్యాగుంది. నేను లేను.”

అని వంటింట్లోకెళ్ళి ఉల్లిపాయలు ముందేసుకుంది. నా నవ్వు ఆగిపోయింది. ఆవిడ వీపు చూస్తుంటే బాధేసింది.

మార్నా అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. గీసే పలక లాక్కుని వంటింట్లోకెళ్ళి వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుంది.

“ఇటు తిరుగమ్మా.”

“ఉల్లిపాయలు...”

“విల్లా తరుగుతుంది.”

కళ కోసం ఉల్లిపాయలు నేను తరిగాను.

“కర్లర్లు తీసెయ్యనా?”

“ఉంచు. గరిటె పట్టుకో. కుడిచేత్తో.”

గరిటమ్మని కళ్ళు మూసుకుని గీసే మనిషి, కాగితం తర్వాత కాగితం చింపింది. ముఖం కుదరదు. మళ్ళీ లేచి దగ్గరికెళ్ళి చూస్తుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

“ఈ గడ్డం కింద గాటు ఎప్పటిదమ్మా?”

“నీ బొమ్మల పెట్టె అటక మీంచి దించుతూ పడ్డాను కదే. నువ్వు వెళ్ళిపోయిన ఏడాది. ఫోన్లో చెప్పాను.”

మార్నా తల వంచుకుని ఆ గాటు గీసింది.

ఉల్లిపాయలు వేగి, కూర దిగాక గాని బొమ్మ పూర్తి కాలేదు. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ కళ్ళు తడయ్యాయి.

“ఇది నేనే,” అంది. మళ్ళీ ఇంకోసారి చూసి, “ముక్కు కొంచెం తగ్గించవే,” అంది.

నేను గిన్నె కడగడం ఆపేశాను. అచ్చువేసేవాడు గుర్తొచ్చాడు, పోలీసు గుర్తొచ్చాడు.

“ఉన్నదే అంత అమ్మా.”

“నాకు తెలీదూ? అయినా.”

మార్నా వాళ్ళమ్మ ముక్కు వైపు చూసింది. బొమ్మ వైపు చూసింది. కనుబొమ్మ పైకి లేచింది. తర్వాత లేచి వెళ్ళి తెల్లరంగు సీసా తెచ్చింది. మూత ఎంత తిప్పినా రాలేదు. ఆంటీ సీసా లాక్కుని, మూత చుట్టూ గరిటె కాడతో నాలుగు తట్లు తట్టి, తిప్పి తీసి ఇచ్చింది.

మార్నా కుంచె ముంచింది.

“ఎంత తగ్గించమంటావు?” అని అడిగింది.