రెండు దెబ్బలు

పున్నారావు నడిపే పార్సిళ్ల కరెంటు వ్యానుకి వెనక కెమెరా నిరుడే పోయింది. బందరు ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, కెమెరా ఒక లెక్కా? మార్పించమని ఎవరన్నా అంటే, "మా ఆవిడుండగా కెమెరా ఎందుకండీ" అనేవాడు. పార్సిళ్లు అందించడానికి నాంచారమ్మ కూడా బండిలో వచ్చేది. దివిసీమ ఊళ్లలో ఇరుకు సందులొస్తే దిగి వెనక నిలబడి, "రానీ, రానీ" అనేది. ఆగమనడానికి తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేది. ఇంజను చప్పుడు లేని బండి, ఆ దెబ్బలు ఎంత బాగా వినపడేవో.

పోయిన నెల ఆవిడ జ్వరంతో కన్నుమూసింది. పెద్దకర్మ అయ్యాక పున్నారావు బండిని షెడ్డుకు తెచ్చాడు.

మెకానిక్ శ్యాంబాబు కొత్త కెమెరా బిగించి, "ఒకసారి వెనక్కి తీయండి బాబాయ్" అన్నాడు. తెర మీద గోడ స్పష్టంగా కనిపించింది, దాని పక్కన శ్యాంబాబు కూడా. పున్నారావు మెల్లగా వెనక్కి తీశాడు. గోడ దగ్గరపడగానే శ్యాంబాబు అలవాటుకొద్దీ తలుపు మీద రెండుసార్లు చరిచాడు.

పున్నారావు బ్రేకు తొక్కాడు. చరిచింది శ్యాంబాబేనని తెర మీద చూస్తూనే ఉన్నాడు. అయినా దిగి, బండి వెనక్కి వెళ్లి చూశాడు.