నేను తోమని అంట్లు

నా కొడుకు టీవీలో వాళ్ళ నాన్నను చంపేసిన రోజు, మా ఆయన సోఫాలో కూర్చుని కమలాపండు ఒలుచుకుంటున్నాడు.

"నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోమి నన్ను పెంచింది" అని మావాడు గొంతు పూడుకుపోయినట్టు చెప్పాడు. వెనక నుంచి వయొలిన్ అందుకుంది. మా ఆయన ఒక తొన నోట్లో వేసుకుని, "ఏ జబ్బుతో పోయానో చెప్పలేదేమిటి?" అన్నాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. వెనక ఎవరు ఎంత హారన్ కొట్టినా తొణకడు.

నాకు అంత ఓర్పు లేదు. ఒళ్ళు మండిపోయింది. ఆయన చావు ఆయన చూసుకుంటాడు, నా అంట్ల సంగతేమిటి? నాది బ్యూటీ పార్లర్. మూడు తిరిగే కుర్చీలు, గోడ పొడుగునా అద్దం, వేసవిలో మూలిగే ఏసీ, బయట నా పేరుతో బోర్డు. ఈ చుట్టుపక్కల నా దారం తగలని కనుబొమ్మ లేదంటే అతిశయోక్తి కాదు. మావాడి చదువు, వాడి మొదటి కెమెరా, వాడి పెళ్ళి, అన్నీ ఆ కనుబొమ్మల మీదే గడిచాయి. అంట్లంటారా, మా ఇంట్లో అవి మొదటినుంచీ మా ఆయన డ్యూటీ. నేను తోమితే జిడ్డు వదలదని ఆయన గట్టి నమ్మకం.

ఆ కార్యక్రమం కొత్త దర్శకుల పోటీ. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళను పోగేసి, ఒక పెద్ద బంగళాలో పెట్టి, వారానికో చిట్టి సినిమా తీయిస్తారు. వెనకబడినవాణ్ణి ఇంటికి పంపేస్తారు. చివరిదాకా నిలిచి గెలిచినవాళ్ళకు అసలు సినిమా తీసే అవకాశం. మా ఇంటి నుంచి ఒకరు కాదు, ఇద్దరు ఎంపికయ్యారు. నా కొడుకు, నా కోడలు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఇక్కడ ఒకటి పదునుది, ఇంకోటి తళతళలాడేది. అందుకే ఇన్నాళ్ళూ ఇమిడాయి.

తళతళలాడేది మావాడు. చిన్నప్పుడు ఎంగిలి వేళ్ళతో చట్రం కట్టి, అందులోంచి నన్ను చూస్తూ "అమ్మా, కొంచెం ఎడమకి జరుగు" అనేవాడు. అప్పటినుంచీ వాణ్ణి ఇంట్లో డైరెక్టర్ గారనే పిలుస్తాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కోడలు పెళ్ళి వీడియోలు కత్తిరించే చోట ఎడిటరు. వాడు గంటలు గంటలు తీసినదాన్ని ఆ పిల్ల కూర్చుని కోసి, కుట్టి, మనుషులు చూడగలిగేట్టు చేసేది. పేరు వాడికొచ్చేది. పోటీలో మాత్రం ఎవరిది వాళ్ళే కత్తిరించుకోవాలని నిబంధన. దాంతో డైరెక్టర్ గారి గుట్టు రట్టయింది. వాడి మొదటి సినిమాలో ఒక ముసలాయన లేచి తలుపు దగ్గరికి నడిచి వెళ్ళి తెరిచేలోగా నేను ఒక ఫేషియల్ పూర్తిచేశాను.

అయినా వాణ్ణి ఇంటికి పంపలేదు. అంట్లే కాపాడాయి. ఆ కథ విని జనం ఫోన్ల మీద ఫోన్లు కొట్టి ఓట్లు గుమ్మరించారు. వారం వారం వాడు అంట్ల గుట్ట పెంచుకుంటూ పోయాడు. బూడిదతో తోమానట, చలికాలం చన్నీళ్ళకు వేళ్ళు పగిలేవట. ఆ ప్రోగ్రాంకి డబ్బులు పెట్టేది అంట్లు తోమే సబ్బు కంపెనీ అని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

పోటీలో ఉన్నవాళ్ళకు వారానికొకసారి ఇంటికి ఫోను చేసుకోనిస్తారు. ఆ రోజు కోసం కాచుకుని కూర్చుని వాణ్ణి కడిగేశాను. అంట్లు తోమడం రాకపోయినా మనుషుల్ని కడగడం నాకు వచ్చు. వాడు అంతా విని, తన తప్పేమీ లేదన్నాడు. షో నడిపే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఎప్పుడూ నెత్తిన టోపీతో ఉంటాడు కాబట్టి అందరూ టోపీ అనే అంటారు. ఆయన ఒక్కొక్కరినీ పిలిచి మీ కష్టం ఏమిటని అడిగాడట. ఏమీ లేదంటే పెదవి విరిచాడట. కష్టం లేనివాడి మొహం జనానికి గుర్తుండదన్నాడట. ఇప్పుడు అబద్ధమని తేలితే పోటీలోంచి గెంటేస్తారు, జన్మలో ఎవరూ సినిమా ఇవ్వరు, ఇక నీ ఇష్టం అని మావాడు ఫోను పెట్టేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ వెధవ, నన్ను బెదిరించడానికి నా ప్రేమనే వాడుకున్నాడు.

ఇక నా పార్లర్ సంగతి చూడాలి. మా వీధిలో ఉండే లెక్కల టీచరు పెళ్ళికాక ముందునుంచీ నా దగ్గరే కనుబొమ్మలు తీయించుకుంటోంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఒకరోజు కుర్చీలో వెనక్కి వాలి, నేను దారం పళ్ళతో పట్టుకుని వంగేసరికి నా చెయ్యి పట్టుకుని, "ఎంత కష్టపడ్డారండీ, మాకెప్పుడూ చెప్పనేలేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కష్టపడ్డ రోజుల్లో తాను ఇదే కుర్చీలో ఉందన్న సంగతి ఆ లెక్కల మనిషికి లెక్కలోకి రాలేదు. మర్నాడు పాత బట్టలు మూటగట్టి తెచ్చింది. కళ్ళతో చూసింది కాదు, టీవీలో చూసిందే నిజం. నేను ఆ మూట విప్పి, తల తుడిచే గుడ్డలకు పనికొచ్చేవి తీసి పెట్టుకున్నాను.

కోడలు ఎవరి అంట్లూ తోమించకుండానే, కేవలం సినిమాలు బాగా తీసి, చివరి పోటీకి వచ్చింది. మావాడు ఓట్ల మీద తేలుతూ వచ్చాడు. మొగుడూ పెళ్ళాం మిగిలారు. టోపీకి పండగే పండగ. చివరి సినిమా అమ్మ గురించి తీయాలన్నాడు. దానికి తోడు ఇంటి ఓటు అని ఒకటి పెట్టాడు. ఇంటివాళ్ళు ఒకరు వేదిక మీదికి వచ్చి ఓటెయ్యాలి. ఆ ఒక్క ఓటూ బోలెడు ఓట్ల కింద లెక్క. ఇద్దరిదీ ఒకటే ఇల్లు. ఇంటి పెద్ద పోయాడు కాబట్టి మిగిలింది నేను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పైగా అక్కడ నోరు విప్పితే కొడుకు బతుకు పోతుంది, విప్పకపోతే నా బతుకు ఉత్తదైపోతుంది. మా ఆయన్ని సలహా అడిగితే, చచ్చినవాణ్ణి నన్నెందుకు ఇరికిస్తావని తప్పుకున్నాడు.

స్టూడియోలో మేకప్ గది నా పార్లర్‌కన్నా చిన్నది, దానికన్నా మురికిది. అక్కడి అమ్మాయి నా జుట్టు మీద తెల్ల పొడి చల్లబోతే, నేను రంగు వేసుకుని వారం కూడా కాలేదని చెయ్యి పట్టుకున్నాను. ఇంతలో టోపీ వచ్చి నా గోళ్ళ రంగు చూసి గతుక్కుమన్నాడు. అంట్లు తోమిన చేతులు ఇలా ఉంటాయా అమ్మా అని, రంగు తుడిపించమన్నాడు. తుడిచే అమ్మాయి నా చూపుడువేలు మీది గాడి చూపించింది. ఏళ్ళ తరబడి దారం ఒరుసుకుని పడ్డ గాడి అది. టోపీ దాన్ని దగ్గరగా చూసి, "అద్భుతం. దీన్ని కెమెరాకి దగ్గరగా చూపించండి, సబ్బు లేక పడ్డ గాటు" అన్నాడు. నా ఒంటి మీద నా పనికున్న ఒకే ఒక్క సాక్ష్యం. దాన్ని కూడా అంట్లగిన్నెలో వేశాడు. అప్పుడే నిశ్చయించుకున్నాను, ఇక ఊరుకునేది లేదని.

ముందు మావాడి సినిమా వేశారు. కుండపోత వాన. నెరిసిన జుట్టు ఆవిడ ఒకతె వీధి కుళాయి దగ్గర కూర్చుని గిన్నెలు తోముతోంది, తోముతూనే ఉంది. దూరంగా కొడుకు వస్తున్నాడు, వస్తూనే ఉన్నాడు. వాడు రాకముందే ఆవిడ పోయింది. హాలంతా ముక్కులు చీదుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ గుండె కలుక్కుమంది. ఆవిడ ఎవరో గానీ మహా మంచి మనిషిలా ఉంది.

తరవాత కోడలిది. వాళ్ళమ్మ మీద తీసిందనుకున్నాను. తెర మీద నా పార్లర్ కనిపించింది. అంతకుముందు, షూటింగుకని బంగళాలోంచి బయటికి వదిలినప్పుడు, ఒక సాయంత్రం కెమెరా పట్టుకొచ్చి, మీ పని మీరు చేసుకోండి అత్తయ్యా అని మూల నించుంది. కాసేపటికి నేను ఆ సంగతే మరిచిపోయాను. తెర మీద నేను కస్టమర్లను కసురుతున్నాను. ఒకామెకు నా వయసు ఆరేళ్ళు తగ్గించి చెబుతున్నాను. అందరూ వెళ్ళాక షట్టరు సగం దించి, కస్టమర్ల కుర్చీలో నేనే కూర్చుని, గిన్నెలో అడుగున మిగిలిన ప్యాక్ నా మొహానికి రాసుకున్నాను. దారం తీసి నా గడ్డం కింద వెంట్రుకలు నేనే పీక్కున్నాను. తెర అంత ఎత్తున నా గడ్డం! అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఫర్వాలేదు" అనుకున్నాను. అక్కడితో అయిపోయింది.

హాల్లో నవ్వారు. తీర్పు చెప్పే పెద్దాయన బాగుంది గానీ ఏడిపించలేదన్నాడు. నాకు ఆ పిల్ల జుట్టు పట్టుకుని ఈడ్చాలన్నంత కోపం వచ్చింది. దేశమంతా నా గడ్డం చూసింది. కానీ కోపం కింద ఇంకేదో ఉంది. నా బతుకంతా మందికి మొహాలు దిద్దాను, ప్రతి మచ్చా ప్రతి ముడతా దగ్గరగా చూశాను. నా మొహం అంత దగ్గరగా చూసినవాళ్ళు ఎవరూ లేరు, కన్నకొడుకుతో సహా. ఆ పిల్ల చూసింది.

యాంకరమ్మ నన్ను వేదిక మీదికి పిలిచింది. చెవిలో టోపీ ఏది పలికితే అది పలికే చిలక. నా చెయ్యి ఎత్తి వేలి మీది గాడి కెమెరాకు చూపిస్తూ, ఆ రోజుల గురించి చెప్పమంది. మావాడు వేదిక ఆ చివర నించుని నా వైపు చూశాడు. బళ్ళో దెబ్బలాడి వచ్చిన రోజున చూసే చూపు. అయినా చెప్పాను.

"నేను ఎవరింట్లోనూ అంట్లు తోమలేదమ్మా. నాకు పార్లర్ ఉంది. ఇది దారం గాడి. మా ఇంట్లో అంట్లు మా ఆయన తోముతాడు."

హాలు గుడ్లప్పగించింది. మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. చిలక చెవి మీద చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం విన్నది. తరవాత దాని కళ్ళు నీళ్ళతో నిండాయి.

"చూశారా," అంది గద్గదంగా, "తన కష్టాన్ని కొడుకు మీద మచ్చలా పడనివ్వడం లేదు ఈ తల్లి. ఆయన ఇంకా ఇంట్లో ఉన్నట్టే మాట్లాడుతున్నారు."

ఇక చూడాలి. హాలంతా లేచి నించుంది. చప్పట్లు, ఏడుపులు. ముందు వరసలో ఒక పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను మైకు లాక్కుని, ఆయన నిక్షేపంగా ఉన్నాడు, ఇప్పుడు ఇంట్లో ఇదే చూస్తున్నాడు అని అరిచాను. ఆ మాటకు ఏడుపులు రెట్టింపయ్యాయి. పైనుంచి చూస్తున్నారు, అవునమ్మా, అని చిలక నన్ను వాటేసుకుంది. ఇక మాటలతో లాభం లేదని, నా ఓటు కోడలికని చెప్పి దిగిపోయాను. కడుపున పుట్టినవాణ్ణి కాదని పరాయి పిల్లకు ఓటేసిన త్యాగమూర్తినని దానికి కూడా చప్పట్లు కొట్టారు. ఆ దెబ్బతో మావాడికి వచ్చిన ఫోన్ల ముందు నా ఇంటి ఓటు ఏ మూలకూ చాలలేదు. డైరెక్టర్ గారు గెలిచారు.

అంతా అయ్యాక వేదిక వెనక, వైర్లు చుట్టుకుంటున్నవాళ్ళ మధ్య, కోడలు ఒక పెట్టె మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. గడ్డం చూపించినందుకు తిట్టాలనుకున్నాను. అంతలో ఆ పిల్ల నా భుజం మీద తల వాల్చింది. మావాడు గెలిచిన కప్పు పట్టుకుని వచ్చి మా ముందు నేల మీదే కూలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవి దొంగ ఏడుపు కళ్ళు కావు, నాకు తెలుసు.

"అమ్మా, నిజం చెప్పు" అన్నాడు. "నాకు తెలియకుండా ఎప్పుడైనా తోమావా?"

ముందు ఎగతాళి అనుకున్నాను. కాదు. వాడు తీసిన సినిమా వాడే నమ్మేశాడు. వానలో కూర్చున్న ఆ ముసలామెను నాలో వెతుక్కుంటున్నాడు. లేని ఆ మనిషి మీద నాకు పట్టరాని అసూయ పుట్టింది.

"లేదురా" అన్నాను. "కనుబొమ్మలు తీశాను. పొద్దున షట్టరెత్తితే సాయంత్రం దాకా నించునే తీశాను. నీ చదువు, నీ కెమెరా, అన్నీ అందులోంచే వచ్చాయి. నువ్వా కుర్చీల్లో తిరుగుతూనే పెరిగావు."

వాడు తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు, జాలిగా.

"అది చెబితే ఎవరు ఏడుస్తారమ్మా?" అన్నాడు.

ఎవరో ఎందుకు, నేనే ఏడ్చాను. అప్పటికే కెమెరాలన్నీ సర్దేశారు.