సోమవారం దాకా ఆగిన రాజీనామా

శుక్రవారం మధ్యాహ్నం కటింగ్ మాస్టారు రాజీనామా కాగితం తెచ్చి గుమాస్తా బల్ల మీద పెట్టాడు. ఆ బట్టల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న మనిషి.

"వేరే చోట పని దొరికిందమ్మాయ్. పద్దెనిమిదిన చేరాలి. అందిందని ఓ సంతకం పడేయ్."

గుమాస్తా పెన్ను తీసి మళ్లీ పెట్టేసింది. కటింగ్ విభాగం మూసేస్తున్నట్టు సోమవారం నోటీసు పెడతారు. తీసేసేవాళ్ల జాబితా పొద్దున ఆమే టైపు చేసింది. మాస్టారి పేరు మూడోది. కంపెనీ తీసేస్తే ఏడాదికో నెల జీతం చొప్పున పరిహారం వస్తుంది. తనంతట తాను మానేస్తే అందులో పైసా రాదు. సంగతి బయటపెడితే ఆమె ఉద్యోగానికే ఎసరు.

"తారీఖు వెయ్యలేదు మాస్టారూ. మళ్లీ రాసుకురండి."

గంటలో రాసుకొచ్చాడు. ఈసారి మార్జిన్ వదల్లేదంది. ఆయనకు ఒళ్లు మండింది.

"ఇదేమన్నా శుభలేఖా, అందంగా ఉండటానికి? ఏంటమ్మాయ్ నీ గోల?"

ఆమె గొంతు తగ్గించింది. "సోమవారం సాయంత్రం దాకా అది జేబులో ఉంచుకోండి. ఎందుకని మాత్రం అడక్కండి."

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం గేటుకు నోటీసు అంటించారు. నెలాఖరుకు విభాగం మూత. మర్నాడు పొద్దున్నే మాస్టారు వచ్చాడు.

"నెలాఖరు దాకా ఆగితే అక్కడి పని పోతుంది. ఆగకపోతే ఇక్కడి డబ్బు పోతుందా?"

"రాజీనామా అని రాస్తే పోతుంది. నోటీసు అందింది, పరిహారమిచ్చి ముందే పంపండి అని రాయండి. మేనేజరు గారు ఒప్పుకుని సంతకం పెడితే పోదు." ఇప్పుడు అది చెప్పడం ఆమె పనే.

మేనేజరు ససేమిరా అన్నాడు.

"అయితే నెలాఖరు దాకా ఉంటానండి," అన్నాడు మాస్టారు నింపాదిగా. "కత్తిరించడానికి గుడ్డెలాగూ లేదు. ఖాళీ బల్ల ముందు కూర్చుంటా, జీతమివ్వండి." పద్దెనిమిదిన చేరాల్సిన సంగతి మాత్రం ఎత్తలేదు.

రెండు రోజులు నాన్చి మేనేజరు సంతకం పెట్టాడు.

పదిహేడున చెక్కు తీసుకుని మాస్టారు గుమాస్తా దగ్గర ఆగాడు. "నీ పేరుందా ఆ జాబితాలో?"

"ఇందులో లేదు. మీ కొత్త చోట గుమాస్తా కావాలేమో కనుక్కోండి," అందామె నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఆమె ఫోన్ నంబరు రాసుకున్నాడు. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. ప్రస్తుతానికి ఖాళీ లేదట, మళ్లీ అడుగుతానన్నాడు.