ఒకటో నంబరు బిల్లు

మా వాళ్ళంతా పట్టుబట్టలు కట్టుకుని రెండు కార్లలో పులివెందులకు పోయారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో అంగడి మూయలేక నాయన కింద గల్లా దగ్గరే ఉండిపోయాడు. నన్ను మాత్రం ప్రొద్దుటూరులోనే, మేడమీది గదిలో, సర్వర్‌కు కాపలా పెట్టారు. అదేమైనా పాలగిన్నె అనుకున్నారా, పొంగిపోతుందని ఎదురుగా కూర్చోవడానికి? నేను లేకపోయినా అది తిరుగుతుంది. బస్సులో కూర్చుని ఫోన్‌లోంచి కూడా దాన్ని చూసుకోగలను. ఈ సంగతి మా అమ్మకు తెలుసు, నాయనకు తెలుసు, పులివెందులలో ఉన్న పావనికి అందరికంటే బాగా తెలుసు.

పావని మా చిన్నాయన కూతురు. అక్కా అక్కా అంటూ నా వెంటే పెరిగింది. ఆ రోజు దాని చీరల అంగడి ప్రారంభం. అంగడి పెడతానంటే దాని అత్త నాగేంద్రమ్మ చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నదీ ఒక షరతు మీద. ఈ పెళ్ళిళ్ళ సీజన్‌లో వ్యాపారం నడవాలి, నడవకపోతే షట్టర్ దించి ఇంట్లో కూర్చోవాలి. పిల్ల ఆ దిగులుతో సగమైపోయింది. నిద్రలో కూడా చీరల పేర్లే పలవరిస్తోందని వాళ్ళాయన నవ్వుతూ చెప్పాడు.

ఆ అంగడి బిల్లులు నడిచేది నా సర్వర్ మీదే. విడాకులు తీసుకుని బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు నేను తెచ్చుకున్నవి రెండే. ఒకటి ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం, రెండోది ఒక ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పాత సర్వర్. మా ఇంట్లో కింద అంగడి, పైన కాపురం. బట్టల మూటలు పెట్టే గదిలో దాన్ని పెట్టాను. దాని ఫ్యాన్ రొద విని, ఇంట్లో పిండిమర ఎందుకని మా అమ్మ రోజూ దెప్పేది. నాయనకు బిల్లుల పని సులువు చేద్దామని మొదలుపెట్టింది కాస్తా పెరిగి పెద్దదైంది. ముందు మా అంగడి, తర్వాత జమ్మలమడుగులో మా మామ వెంకటరమణయ్యది, ఇప్పుడు పావనిది.

సర్వర్ లోపల ఒక వర్చువల్ మెషీన్ ఉంటుంది. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించడం. దాని లోపల ఒక్కో అంగడికి ఒక్కో గది కట్టినట్టు ఒక్కో కంటైనర్. ఒకరి లెక్కలు ఇంకొకరికి కనపడవు. ప్రతి అంగడికీ మొదటి నుంచి అన్నీ ఎక్కించుకుంటూ కూర్చుంటే ఒళ్ళు హూనమవుతుంది. అందుకే ఒక్కదాన్ని పద్ధతిగా తయారుచేసి, దాన్ని టెంప్లేట్‌గా బిగించి పెట్టుకుంటాం. తర్వాత ఎన్ని కావాలంటే అన్ని అందులోంచి తీసుకోవచ్చు. మా ఊరి కంసాలులు అచ్చు పెట్టి లక్ష్మీ బిళ్ళలు తీసినట్టే.

కాకపోతే బిగించే ముందు దాన్ని బాగా కడగాలి. పాత పేరు, గుర్తులు, తాళాలు, ఎవరెవరు లోపలికి వచ్చిపోయారన్న ఆనవాళ్ళు, అన్నీ తుడిచెయ్యాలి. ఒక్కటి మిగిలినా, ఆ తర్వాత పుట్టే ప్రతిదాంట్లోనూ అది ఉంటుంది. ఈ కడగడంలో నా అంత శుభ్రం ఎవరికీ ఉండదని నాకో గర్వం.

ఆ ఉదయం ఆ గర్వం కాస్తా పోయింది. ఊరికే కూర్చోలేక పావని కంటైనర్ తెరిచి అన్నీ సరిచూస్తున్నాను. తర్వాత పడబోయే బిల్లు నంబరు రెండు అని ఉంది. అంగడి ఇంకా తెరవనేలేదు, ఒకటో నంబరు ఎక్కడికి పోయింది? వెతికి తీశాను. జాకెట్టు గుడ్డ ఒకటి, కొన్నవారి పేరు మంజుశ్రీ, ప్రొద్దుటూరు.

అది నేనే కొట్టిన బిల్లు. మా అంగడికి మొదటి కంటైనర్ చేస్తున్నప్పుడు ప్రింటర్ తెలుగును ముక్కలు చేసి కక్కేది. ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని నా పేరే కొట్టాను. శ్రీ సరిగ్గా పడితే ఇంక ఏదైనా పడుతుంది కదా. చక్కగా పడింది. ఆ సంబరంలో టెంప్లేట్ బిగించేశాను, బిల్లు తీసెయ్యడం మరిచిపోయాను. జమ్మలమడుగుది తెరిచి చూశాను. ఒకటో నంబరు నా పేరే. మాది తెరిచాను. అక్కడా నేనే.

మొదట పకపకా నవ్వాను. గదిలో ఒక్కదాన్నే అంతసేపు నవ్వితే కింద వినపడుతుందేమోనని నోరు మూసుకున్నాను. మూడు ఊళ్ళలో మూడు అంగళ్ళు, మూడింటికీ బోణీ నా చేతి మీదే. అసలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టిందే ఆ బోణీ కోసం.

పోయిన వారం నాగేంద్రమ్మ పావనిని వెంటబెట్టుకుని పిలుపుకు వచ్చింది. వేంపల్లెలో వాళ్ళకు బంధువు వనజమ్మ అని ఉంది. ఆమె చేయి మంచిదని పేరు. ఆమె బోణీ చేసిన అంగడి కలకాలం నిలుస్తుందట. మొదటి చీర ఆమే కొంటుంది, ఆ బిల్లును పటం కట్టించి గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పక్కన పెడతారు. ఇదంతా చెప్పి, మా అమ్మకు బొట్టు పెట్టి, నా వైపు తిరిగి నవ్వింది.

"మంజు కూడా వస్తే ఈడ మిషన్ ఎవురు చూస్తారు వదినా? ఈ పాప ఈడుంటేనే మాకు ధైర్యం."

అంత తియ్యగా చెబితే కాదనడానికి నోరెలా వస్తుంది? మొగుణ్ణి వదిలేసి వచ్చినది బోణీ వేళకు ఎదురుగా ఉండకూడదని ముఖం మీదే అనుంటే నేనూ నాలుగు దులిపేదాన్ని. పావని నేల చూపులు చూసింది. నాయన వైపు చూశాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు, విప్పి మళ్ళీ మడత పెట్టాడు. సరేలే అత్తా, నేను చూసుకుంటా అన్నాను.

ఇప్పుడు ముహూర్తం దగ్గర పడుతోంది. ఆ బిల్లు తీసెయ్యడం నాకు చిటికెలో పని. కానీ చేయి ముందుకు పోలేదు. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. మెట్లు సగం దిగి మళ్ళీ ఎక్కాను. నీళ్ళు తాగాను, తాగిన సంగతి మరిచి మళ్ళీ తాగాను. నిజం చెప్పాలంటే తీసెయ్యాలని నాకు లేదు. ఉండనీ. పటం కట్టించిన బిల్లు మీద రెండు అని పడనీ. ఒకటి ఎవరిదని నాగేంద్రమ్మ అడగనీ. జమ్మలమడుగులో మా మామ కొత్త గోడౌన్ తీసుకున్నాడు. మా అంగట్లో ఈ ఏడాది నిలబడడానికి చోటు లేదు. ఇదంతా ఎవరి చేతి చలవో చెప్పమని అడగాలని ఉంది. అంత కసి నాలో ఉందని నాకే తెలియదు.

అయితే అంగడి నాగేంద్రమ్మది కాదు, పావనిది. దాన్ని అడగకుండా ఏం చేసినా తప్పే అనిపించి ఫోన్ చేశాను. వెనక మేళం మోగుతోంది. ఎక్కడో మూలకు పోయి మాట్లాడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"తీసెయ్‌క్కా," అంది.

ఎందుకే అన్నాను.

"నీ చేతి మీద నాకు నమ్మకం లేక కాదు. రేపు ఒక నెల బ్యారం తగ్గిందనుకో, ఆ పాపం తెచ్చి నీ నెత్తిన పెడ్తారు. అంగడి పోతే నేను తట్టుకుంటా. ఆ మాట మాత్రం నేను ఇనలేను."

అది ఏడుస్తోందని తెలుస్తోంది. పిచ్చిదానా, ముఖం కడుక్కుని బయటికి పో అన్నాను. ఫోన్ పెట్టేసి బిల్లు తీసేశాను. టెంప్లేట్‌లోంచి కూడా తీసేశాను. నంబరు ఒకటికి వచ్చింది. ఇంక లేవకుండా తెర ముందే కూర్చున్నాను. కాసేపటికి ఒకటో నంబరు పడింది. వనజమ్మ, వేంపల్లె, ఒక ధర్మవరం పట్టుచీర. ఏ అక్షరమూ చెదరలేదు. పావని కోసం సంతోషపడాలి, పడ్డాను కూడా.

ఇంక ఈ గొడవ ఎక్కడా మిగలకూడదనుకున్నాను. జమ్మలమడుగుదీ తీసేశాను. మాది తీసే ముందు నాయనతో ఒక మాట చెబుదామని కిందికి దిగాను. అంగట్లో రాజుపాలెం నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళు పరుపుల మీద కూర్చుని చీరలు విప్పించుకుంటున్నారు. నాయన గల్లా దగ్గర ఉన్నాడు. దగ్గరికి పోయి గొంతు తగ్గించి, మన లెక్కల్లో ఒక దొంగ బిల్లు ఉంది, తీసేస్తాను అన్నాను.

"ఒకటో నంబరుదా? దాన్ని ముట్టగాకు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన పెళ్ళివాళ్ళ వైపు ఒకసారి చూసి, ఇంకా చిన్న గొంతుతో చెప్పాడు.

"పెట్టిన దినమే చూసినా మ్మా. మొదటి బిల్లే రెండో నంబరు వచ్చె. ఒకటోది యాడ పోయిందని ఎతికితే నీ పేరుండె. పోనీలే, పాప బోణీ చేసిందనుకున్యా. ఈ ఏడు శానా బాగా జరిగింది. దాన్నట్లే ఉండనీ."

ఏడాదంతా తెలుసు ఈయనకు. ప్రతి పొద్దునా గల్లాకు దండం పెట్టుకుంటూ లోలోపల నా చేతికి కూడా దండం పెట్టుకున్నాడు కాబోలు. ఒక్క క్షణం కళ్ళు నిండాయి. ఆ వెంటనే పోయిన వారం మడత పెట్టిన తువ్వాలు గుర్తొచ్చింది, ఒళ్ళు మండింది.

"మరి ఆ పొద్దు నాగేంద్రమ్మత్త ముందర ఈ మాట ఎందుకు అనలేదు నాయనా?"

ఆయన బిల్లుల కట్టను సర్దాడు. సర్దినదాన్నే మళ్ళీ సర్దాడు.

"భయమాయ మ్మా. నలుగుర్లో అంటే ఏమనుకుంటారో అని."

అబద్ధం చెప్పలేదు, అందుకు మెచ్చుకోవాలి. కానీ నాకు మెచ్చుకునే ఓపిక లేదు.

"అయితే మనదీ తీసేస్తా. దాచిపెట్టుకునే మంచి చెయ్యి నాకొద్దు," అన్నాను.

పైకి వచ్చి తీసేశాను. ఆ సాయంత్రం పులివెందుల నుంచి అందరూ నవ్వుకుంటూ వచ్చారు. వ్యాపారం చాలా బాగా జరిగిందని అమ్మ చెప్పింది, లడ్లు చేతిలో పెట్టింది. తిన్నాను. అన్నం దగ్గర నాయన రెండు మూడుసార్లు నా ముఖం చూసి, ఏదో అనబోయి, మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు పొద్దున షట్టర్ లేచిన చప్పుడు విన్నాను. బోణీ రోజూ ఉండేదే. మా అంగట్లో మొదటి బేరానికి ఎవరు వస్తున్నారని నాయన ఎప్పుడూ కాస్త బెదురుగానే వీధి వైపు చూస్తుంటాడు. నేను వసారాలోకి వచ్చి కిందికి చూశాను. మా అరుగు మీద కుట్టుమిషన్ పెట్టుకునే అమీర్ బాషా సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎదురు గాజుల అంగడివాళ్ళు నీళ్ళు చల్లుకుంటున్నారు. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు మా మెట్ల దగ్గరికి వచ్చేశారు. నాయన వాళ్ళను చేయెత్తి ఆపాడు. ఒక్క నిమిషం కూర్చోండమ్మా, ఇంకా బోణీ కాలేదు అన్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళను బోణీ కాలేదని ఆపిన వ్యాపారిని మా బజారు ఎప్పుడూ చూసి ఉండదు. వాళ్ళు బిత్తరపోయి నిలబడ్డారు. అమీర్ బాషా సూది పక్కన పెట్టి తలెత్తాడు.

నాయన వీధిలోకి దిగి, మేడ వైపు చూశాడు.

"మంజూ, కిందికి రామ్మా. బోణీ చేద్దువు."

గాజుల అంగడిదాకా కూడా వినపడి ఉండదు. నా కాళ్ళు అప్పుడే మెట్ల వైపు తిరిగాయి, కానీ ఆగాను. వసారా కమ్మీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

ఆయన నన్ను చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ పిలిచాడు, ఈసారి బజారంతా వినేట్టు.