ఎల్మార్ తిప్పిన చక్రం

ఇరుసుకు కొవ్వు రాయాలి. కాలువ తలుపు దగ్గర పేరుకున్న ఆకులు తీయాలి. సమ్మెట కర్రను తడపాలి. కొలిమి రాజేయాలి. ఏటా సమ్మెట ఆడటం చూడ్డానికి జనం వచ్చే పెంతెకొస్తు పండుగ సోమవారం పొద్దున్నే ఈ పనులన్నీ రోన్యా ఒక్కతే చేసింది. నిరుటి దాకా ఇవి ముసలి కమ్మరి ఎల్మార్ పనులు. ఆయన ఫిబ్రవరిలో పోయాడు.

ఒకప్పుడు ఆ వాగు పొడవునా నీటి చక్రాలతో ఆడే కమ్మరి సమ్మెటలే. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. కొడవళ్లు సాగగొట్టినవాళ్ల మనవలు లోయ కింద ఫ్యాక్టరీలో కార్లకు వాల్వులు చేస్తున్నారు. రోన్యా అక్కడే ఇంజినీరు. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. సమ్మెటకు ఫ్యాక్టరీ ఒక కరెంటు మోటారు ఊరికే ఇస్తానంది. ఇవాళ నీటితో ఆడకపోతే దాన్నే బిగించేద్దామని సమ్మెటను చూసుకునే ఊరి సంఘం తీర్మానించింది. వాగు ఆడించే సమ్మెటనే చూడాలని రోన్యా ఆశ.

తలుపెత్తింది. చక్రం సగం తిరిగి ఆగింది, వెనక్కి ఊగింది. మళ్లీ ఎత్తినా అంతే.

సంఘం పెద్ద గిస్బర్ట్ సాసేజ్ రొట్టె నములుతూ వచ్చాడు. "మోటారుకి ఈ అలకలుండవమ్మా."

"కాస్త ఆగండి గిస్బర్ట్ గారూ."

"నేనాగుతాను. వచ్చిన జనం సాసేజులు అయిపోయేదాకానే ఆగుతారు."

రోన్యా చక్రం దగ్గర కూర్చుని చూసింది. నీళ్లలో నానిన కింది చెక్కలు నల్లగా, బరువుగా ఉన్నాయి. పైవి ఎండి తెల్లబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఎల్మార్ రోజూ బారు నుంచి ఇంటికెళ్తూ ఇక్కడ ఆగేవాడు. "పెళ్లాం లేదుగా, చక్రానికి గుడ్‌నైట్ చెప్పుకుంటున్నాడు" అని ఊరంతా నవ్వేది. రోన్యా కూడా నవ్వింది. ఆయన చేసిందల్లా భుజం ఆనించి చక్రాన్ని పావు వంతు తిప్పడమే, ఏ పక్కా ఎండిపోకుండా. ఆయన పోయాక ఎవరూ తిప్పలేదు.

బీరు పోస్తున్న అగ్నిమాపక దళం ఫోల్కర్ దగ్గరికెళ్లింది. "ఒరేయ్, మీ నీళ్ల గొట్టం పట్రా."

"ఎక్కడంటుకుంది?"

"ఎక్కడా లేదు. దాహం."

"దాహానికి గొట్టమెందుకే, గ్లాసు చాలదూ?"

"నాకు కాదు, చక్రానికి."

ఎండిన చెక్కలను మధ్యాహ్నం దాటేదాకా తడిపారు. ఫోల్కర్ చేతులు నొప్పెడితే గిస్బర్టే రొట్టె పక్కన పెట్టి గొట్టం అందుకున్నాడు. జనం సగం మంది వెళ్లిపోయారు.

రోన్యా మళ్లీ తలుపెత్తింది. చక్రం సగం దాకా వచ్చి, కాస్త తటపటాయించి, ముందుకే పోయింది. సమ్మెట పడింది. కాళ్ల కింద నేల అదిరింది.

గిస్బర్ట్ చాలాసేపు వింటూ నిలబడ్డాడు. "సరే, మోటారు వద్దని చెబుతాను. మరి రోజూ దీన్నెవరు తిప్పుతారు?"

"డ్యూటీ దిగాక నేను."

"నువ్వు రాని రోజు బారు నుంచి వస్తూ నేను" అన్నాడు ఫోల్కర్. "నన్ను చూసి ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకోను."

"నవ్వుతారులే" అంది రోన్యా.

మీరెప్పుడైనా ఆ లోయ దారిన వెళ్తూ సమ్మెట చప్పుడు వింటే, ఎల్మార్‌ని ఒక్కసారి తలుచుకోండి.