మనవరాలి పంపు

మా మామ రుద్రప్పకు నారాయణఖేడ్ ధాన్యం గంజ్‌లో కందుల అడ్తి దుకాణం ఉంది. దానికంటే పెద్ద నోరు కూడా ఉంది. దమ్ము రోగం, అదే ఉబ్బసం మీద ఆయన తీర్పు ఒక్కటే. "మందు పీల్చే పంపు నోట్ల పెట్టుకున్నోని పని ఇగ ఖతం. ఒక్కపారి అలవాటైతే సచ్చేదాంక ఇడువది." కందులు తూకానికి తెచ్చిన ప్రతి రైతూ ఈ మాట విన్నాడు. ఆయన డాక్టరీ ఎక్కడ చదివాడని ఒక్కడూ అడగలేదు.

మా బిడ్డ రోజకు ఆ రోగమే. దవాఖానలో డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. దగ్గు లేని రోజున కూడా ఊపిరి గొట్టాల లోపల వాపు ఉంటుందట. దుమ్మో పొగో తగిలితే ఆ వాచిన గొట్టాలు బిగుసుకుపోతాయి. రెండు పంపులిచ్చింది. నీలం పంపు వాటిని అప్పటికి విప్పుతుంది, అంతే. పొద్దునా మాపూ పీల్చే రెండో పంపే వాపును అణుస్తుంది. బాగుంది కదా అని మానొద్దు. ఇందులో అర్థం కానిదేముంది? రెండో తరగతి పిల్లకు అర్థమైంది.

"పిల్ల మంచిగనే ఉరుకుతుంది గదా, ఇంకెందుకు మందు? మంట లేని పొయ్యిల నీళ్లు పోస్తరా?" అన్నాడు మామ.

"బూడిద కింద నిప్పుంటే పోస్తరు మామా."

"సుమ్మనిరు!" నోర్ముయ్యమని. కోపమొస్తే ఆయనకు కన్నడమే వస్తుంది. మా ఆయన సిద్ధేశ్వర్ తల దించుకుని అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. తండ్రి ముందు ఆయన నోరు ముద్దకే తెరుచుకుంటుంది.

నేను మాత్రం ఒక్క పూట మానకుండా పీల్పించాను. అయినా మొన్న రోజ బడి నుంచి రొప్పుతూ వచ్చింది. మాట రావడం లేదు, పెదాలు నల్లబడుతున్నాయి. నీలం పంపు కొట్టి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. నా ప్రాణం నా దగ్గర లేదు.

పిల్ల తేరుకున్నాక డాక్టరమ్మ రెండో పంపు చూసింది. "ఇది ఎప్పుడో అయిపోయింది. నొక్కితే తుస్సుమంటది గానీ అండ్ల మందు లేదు. ఇంట్ల ఇంకెవరన్న వాడుతున్నరా?"

కొత్త పంపు, అప్పుడే ఎలా అయిపోతుంది? మూత తీసి చూశాను. పంపు మూతికి ఎర్రటి మరక. రోజ పంపును ప్లాస్టిక్ బుడ్డికి తగిలించి పీలుస్తుంది, పంపు మూతి పిల్ల పెదాలకు తగలనే తగలదు. మా ఇంట్లో పాన్ నమిలేది ఒక్కడే. పంపు పెట్టే దేవుడి గదిలో సాయంత్రం తలుపేసుకునేదీ ఆ ఒక్కడే.

మరునాడు డాక్టరమ్మను అడిగి కొత్తగా నీలం పంపూ రెండో పంపూ కొనుక్కుని నేరుగా గంజ్‌కు పోయాను. రైతులు బస్తాల మీద కూర్చున్నారు.

"మామా, ఇవి నీవి. రోజ పంపు ఇగ ముట్టకు."

"నాకెందుకే? నాకేమైంది?" అని గర్జించబోయాడు. కంది దుమ్ముకు సగంలోనే దగ్గు అందుకుంది, రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆయనకు రోగముందని నాకు అసహ్యం కాదు. పొద్దున పిల్ల మందును తిట్టి, సాయంత్రం దేవుడి గదిలో తలుపేసుకుని అదే పీల్చి, పిల్లకు ఖాళీ డబ్బా మిగిల్చాడు. అందుకు అసహ్యం.

"పీల్చు," అని నీలం పంపు చేతిలో పెట్టాను. గోడవైపు తిరగబోయాడు. "ఇటు తిరుగు. అందరు చూడని."

పీల్చాడు. కూతలు తగ్గాయి. ఎవరూ నవ్వలేదు. మనూర్ నుంచి వచ్చిన సంగప్ప మెల్లగా లేచాడు.

"షావుకార్, గీ పంపు నువ్వు గూడ వాడుతున్నవా? మా అవ్వ లక్ష్మవ్వకు గిసొంటిదే ఇచ్చిన్రు. అలవాటైతదని నువ్వు జెప్పినవనే పారేపిచ్చిన. అవ్వ ఇప్పుడు మంచం దిగుతలేదు. వాడాల్నా మరి?"

మామ పంపును పిడికిట్లో దాచుకున్నాడు. నావైపు చూశాడు, నేను చూపు తిప్పుకోలేదు.

"వాడాలె," అని గొణిగాడు.

"గట్టిగ జెప్పు మామా," అన్నాను. "వద్దన్నప్పుడు గంజ్ అంత ఇనవడ్డది."